గ్రామ పంచాయతీ: ఊరి లెక్క ఎవరి చేతిలో?

పంచాయతీ చరిత్ర చెప్పేవాళ్లు మొదట ఉత్తరమేరూరు పేరెత్తుతారు. తమిళనాడులోని కాంచీపురం జిల్లాలో ఉందీ ఊరు. అక్కడి గుడి గోడల మీద మొదటి పరాంతక చోళుని కాలపు శాసనాలు రెండున్నాయి. ఒకటి 919 నాటిది, రెండోది 921 నాటిది. ఊరిని 30 వార్డులుగా విడగొట్టాలని, సభ్యుడయ్యేవాడికి 35 ఏళ్లు నిండి 70 దాటకుండా ఉండాలని, పన్ను కట్టే భూమి, సొంత స్థలంలో ఇల్లు ఉండాలని వాటిలో చెక్కారు. అర్హుల పేర్లు తాటాకు ముక్కల మీద రాసి కుండలో వేస్తారు. ఒక పిల్లవాడు ఆకు తీస్తాడు. అలా ఎంపికైనవాళ్లు చెరువుకో సంఘం, తోటలకో సంఘంగా ఏడాదిపాటు ఊరి పనులు చూస్తారు.

ఈ నిబంధనల్లో అన్నిటికంటే గట్టిది ఒకటుంది. పదవిలో ఉండి లెక్క అప్పజెప్పనివాడు మళ్లీ ఎంపికకు పనికిరాడు. వాడే కాదు, వాడి దగ్గరి చుట్టాలూ పనికిరారు.

అది బ్రాహ్మణ అగ్రహారం, వేదం చదివినవాళ్ల సభ. ఆడవాళ్లకూ, పొలం దున్నే కూలీలకూ ఆ కుండలో చోటు లేదు. కాబట్టి దాన్ని నేటి ప్రజాస్వామ్యానికి తల్లివేరు అనడం అతిశయోక్తే. కానీ అధికారం కావాలంటే ముందు లెక్క చెప్పాలన్న షరతు మాత్రం తరువాతి వెయ్యేళ్ల కథకు తాళంచెవి లాంటిది. ఊరి పెత్తనం ఎప్పుడు ఎవరిదో తెలియాలంటే ఊరి లెక్క ఎవరి చేతిలో ఉందో చూస్తే చాలు.

తెలుగునాట ఆ లెక్క వంశపారంపర్యమైంది. విజయనగర కాలంలో బాగా వేళ్లూనిన ఆయగార్ల పద్ధతిలో రెడ్డి, కరణం, తలారి, వడ్రంగి, కమ్మరి వంటి పన్నిద్దరికి ఊరి పంటలో వాటా, మాన్యం భూములు ఉండేవి. తగవులు రచ్చబండ దగ్గర తీరేవి గానీ, ఎవరి పొలం ఎంతో, ఎవరు ఎంత శిస్తు కట్టాలో కరణం కవిలెకట్టలో ఉండేది. నిజాం ఇలాకాలో అదే పని పటేల్, పట్వారీ చేశారు. తెలంగాణ సాయుధ పోరాటంలో ఊళ్లలో ఏర్పడ్డ గ్రామ కమిటీలు దొరల భూములు పంచాయి. పట్వారీ దఫ్తరం మీద ఊరివాళ్ల పట్టు పడింది అప్పుడే.

అంతకు చాలాముందే, భారతీయ గ్రామాలు చిన్న చిన్న గణతంత్రాలని 1830లో ఈస్టిండియా కంపెనీ అధికారి చార్లెస్ మెట్కాఫ్ రాశాడు. ఆ మాటను ఎంతోమంది మెచ్చుకున్నారు. రైత్వారీ పద్ధతి తెచ్చి ఆ గ్రామాల శిస్తును నేరుగా ఖజానాకు మళ్లించింది మాత్రం ఆయన కంపెనీ ప్రభుత్వమే. 1882లో రిప్పన్ తీర్మానం స్థానిక పాలనకు తలుపు తెరిచింది. మద్రాసు రాష్ట్రంలో 1884 చట్టం జిల్లా బోర్డులు, తాలూకా బోర్డులు, యూనియన్లు ఏర్పరిచింది. వీధులు ఊడవడం, దీపాలు పెట్టడం, ఇంటి పన్ను వసూలు చేయడం యూనియన్ల పని. 1920లో గ్రామ పంచాయతీలకు విడిగా చట్టం వచ్చింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే చీరాల, పేరాల జనం ఒక విచిత్రమైన పోరాటం చేశారు. అప్పటిదాకా యూనియన్‌గా ఉన్న ఆ ఊళ్లను ప్రభుత్వం మునిసిపాలిటీ చేసింది. పట్టణ హోదా ఎవరికి చేదు? ఈ ఊళ్లవాళ్లకు చేదయింది. హోదాతోపాటు పన్నులు ఒక్కసారిగా పెరిగాయి, ఊరిని ఎలా నడపాలన్నదానిలో తమ మాటకు విలువ పోయింది. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో 1921లో వేలమంది ఇళ్లు వదిలి, ఊరి బయట రామనగర్ పేరుతో పాకలు వేసుకున్నారు. ఆయన స్వచ్ఛంద సేవాదళం రామదండు కాపలా కాసింది. ఎండకూ వానకూ ఓర్చి దాదాపు పదకొండు నెలలు ఉన్నారు. దుగ్గిరాలను జైల్లో పెట్టాక ఉద్యమం చల్లారింది, జనం తిరిగొచ్చారు. పైనుంచి పాలకమండలిని ఇచ్చినంత మాత్రాన అది స్వపరిపాలన కాదని వాళ్లు వీధిన పడి చెప్పారు.

స్వాతంత్ర్యం వచ్చాక రాజ్యాంగ సభలో అదే తగవు మళ్లీ లేచింది. ముసాయిదాలో పంచాయతీల ఊసు లేదని చాలామంది సభ్యులు నొచ్చుకున్నారు. అంబేడ్కర్ మాత్రం 1948 నవంబరు 4న పల్లెను అజ్ఞానానికీ, సంకుచితత్వానికీ నెలవని తీవ్రంగా విమర్శించారు. బావి దగ్గర ఎవరు ఎక్కడ నిలబడాలో శాసించిన ఊరికే అధికారం అప్పగిస్తే అణగారినవాళ్ల గతేమిటన్నది ఆ కోపం వెనకున్న ప్రశ్న. పంచాయతీల పక్షాన మాట్లాడినవాళ్లలో టంగుటూరి ప్రకాశం, ఎన్.జి. రంగా ఉన్నారు. ఆ నెల 22న, గ్రామ పంచాయతీలు ఏర్పాటు చేయాలనే 40వ అధికరణానికి సభ ఒప్పుకుంది. అయితే దాన్ని ఆదేశిక సూత్రాల్లో చేర్చారు. అంటే అమలు చేయకపోయినా కోర్టుకు వెళ్లే వీల్లేదు.

1957లో బల్వంతరాయ్ మెహతా కమిటీ మూడంచెల వ్యవస్థను సూచించింది. 1959 అక్టోబరు 2న రాజస్థాన్‌లోని నాగౌర్‌లో, అదే నెల 11న మన షాద్‌నగర్‌లో నెహ్రూ పంచాయతీరాజ్‌ను ప్రారంభించారు. అప్పటి ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి. ఊళ్లోకి స్కూలు, బావి, రోడ్డు రావాలంటే పంచాయతీలపై ఉండే సమితి ప్రెసిడెంటును పట్టుకోవాలన్న రోజులు మొదలయ్యాయి. ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల వేరువేరు చట్టాల స్థానంలో 1964లో ఒకే గ్రామ పంచాయతీల చట్టం వచ్చింది. ఇంటి పన్ను, సంత వేలం, చెరువులో చేపల వేలం, బందెలదొడ్డి రుసుము పంచాయతీ రాబడి. ఊరి భూమి లెక్క మాత్రం ఇంకా కరణాల దగ్గరే ఉంది. 1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఆ వంశపారంపర్య ఉద్యోగాలను రద్దు చేసింది. మరుసటేడు తాలూకాలు పోయి మండలాలొచ్చాయి, తరువాత సమితులూ పోయాయి. కరణం పోయాడు గానీ, ఆయన దస్త్రాలు పంచాయతీకి రాలేదు. రెవెన్యూ శాఖకు వెళ్లాయి.

73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. అయిదేళ్లకోసారి ఎన్నికలు, దళిత గిరిజనులకు జనాభాను బట్టి స్థానాలు, స్త్రీలకు మూడో వంతు తప్పనిసరి అయ్యాయి. తెలుగునాట ఆ మూడో వంతు తరువాత సగమైంది. అంబేడ్కర్ అడిగిన ప్రశ్నకు ఇదొక సమాధానం. భార్య కుర్చీలో భర్త కూర్చునే ఊళ్లున్నాయి, వేలం పాటలా సాగే ఏకగ్రీవాలూ ఉన్నాయి. అయినా ఒకప్పుడు చావడి మెట్టెక్కనివ్వని ఇంటి మనిషి ఇప్పుడు అదే చావడిలో తీర్మానం మీద సంతకం పెడుతోంది.

సవరణ 29 అంశాల జాబితా ఇచ్చింది. వాటిని అప్పగించడం రాష్ట్రాల ఇష్టానికి వదిలింది. పనులు శాఖలకు, డబ్బులు ఖజానాకు, తిట్లు సర్పంచికి అన్నట్టు తయారైంది. ఆర్థిక సంఘం నిధులను కరెంటు బకాయిలకు జమకట్టుకున్నారని ఆంధ్రప్రదేశ్ సర్పంచులు రోడ్డెక్కారు. అక్కడ 2018లో గడువు ముగిసిన పంచాయతీలకు 2021 దాకా ఎన్నికలు జరగలేదు. తెలంగాణలోనూ 2024లో పాలన ప్రత్యేకాధికారుల చేతికి వెళ్లింది. మరోవైపు తెలంగాణ 2018 చట్టం ఎన్నో తండాలను సొంత పంచాయతీలు చేసింది. చెక్ పవర్‌ను సర్పంచికీ ఉపసర్పంచికీ ఉమ్మడిగా ఇచ్చింది.

లెక్క అడిగే హక్కు మాత్రం ఇప్పుడు చట్టంలోనే ఉంది. గ్రామసభలో ఏ ఓటరైనా ఆదాయ వ్యయాలు అడగొచ్చు. చాలాచోట్ల ఆ సభ రిజిస్టరులో సంతకాలతో ముగిసిపోతుంది. పైనుంచి నిధులు రాలేదని సర్పంచి అనేదీ నిజమే, వచ్చినవి ఏమయ్యాయో చెప్పలేదని జనం అనేదీ నిజమే. మొదటి దానికి రాజధానిలో కొట్లాడాలి. రెండోదానికి ఊరు దాటనక్కర్లేదు. నీళ్ల ట్యాంకు మరమ్మతు బిల్లు ఎంతయిందో నలుగురిలో నిలబడి అడిగే పదిమంది ఉన్న ఊళ్లో పంచాయతీ పనిచేస్తుంది. వాళ్లు లేని ఊళ్లో ఎన్ని సవరణలొచ్చినా కరణం పాత్రను మరెవరో పోషిస్తారు.