ఉప్పు చెప్పిన లెక్క



సర్వేవాళ్లు తలుపు తట్టి, ఇంట్లో ఎంతమంది తింటారు, నెలకు బియ్యం ఎన్ని కిలోలు, నూనె ఎంత అని అడిగితే "వీళ్లకెందుకమ్మా మన వంటింటి సంగతులు!" అని విసుక్కోవడం కద్దు. కాని అలా అడగడం కూడా ఒక చదువేనండీ. మన దేశంలో ఆ చదువు ఎలా మొదలైందో ఈవేళ చెప్పుకుందాం.

కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పే ప్రశాంత చంద్ర మహలనోబిస్‌గారు 1931లో తమ విభాగంలోనే ఒక గదిలో భారత గణాంక సంస్థను నెలకొల్పారు. పదేళ్లు తిరిగేసరికి, 1941లో, కలకత్తా విశ్వవిద్యాలయం గణాంకశాస్త్రంలో ఎం.ఏ. ప్రారంభించింది. దేశంలో అలాంటి కోర్సు అదే మొదటిది. ఆ మొదటి తరగతిలో మన తెలుగువారు ఒకరున్నారు. ఆయనే కల్యంపూడి రాధాకృష్ణారావుగారు. లోకమంతా సి.ఆర్.రావు అంటుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదువుకుని, యుద్ధం రోజుల్లో ఉద్యోగం కోసం కలకత్తా వెళ్లి, అది దొరక్క ఈ చదువులో చేరారు. 1943లో బంగారు పతకంతో ప్యాసయ్యారు. చిన్నప్పుడు తెల్లవారుజామున నాలుగింటికి లేపి, నూనెదీపం వెలిగించి చదువుకు కూర్చోబెట్టిన తల్లి లక్ష్మీకాంతమ్మగారే తనలో జ్ఞానతృష్ణ కలిగించారని ఆయన రాసుకున్నారు. 2023లో, 102 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఇంతకీ ఆ చదువులో నేర్పేదేమిటి? అన్నం ఉడికిందో లేదో చూడటానికి గిన్నెడు మెతుకులూ నలిపి చూడం కదా! ఒకటి రెండు చాలు. అయితే పైమెతుకే పట్టుకుంటే అడుగు మాడిన సంగతి తెలియదు. ఏ ఇళ్లు ఎంచుకోవాలి, ఎన్ని ఎంచుకోవాలి, ఏ మాట ఎలా అడగాలి అన్నవే ఆ పాఠాలు. రోడ్డు పక్క మేడల్లో మాత్రం అడిగి ఊరంతా సుఖంగా ఉందని రాసుకుపోతే ఎలా?

సరిగ్గా ఆ రోజుల్లోనే, 1943లో, బెంగాల్‌లో కరువు వచ్చింది. పోయినవాళ్లు 15 లక్షలని ప్రభుత్వ విచారణ సంఘం చెప్పింది. 30 లక్షల దాకా ఉంటారని తరవాత కొందరు పరిశోధకులు అంచనా వేశారు. లెక్కల్లో అంత తేడా అంటే అన్ని లక్షల ప్రాణాలన్నమాట! ఆ తరవాత మహలనోబిస్‌గారి సంస్థ బెంగాల్ పల్లెల్లో నమూనా సర్వే చేసి, భూమి అమ్ముకున్నవాళ్లెందరు, వృత్తి పోగొట్టుకున్నవాళ్లెందరు అని విచారించింది.

మరో సంగతి సి.ఆర్.రావుగారే తమ పుస్తకంలో చెప్పారు. 1947లో ఢిల్లీ అల్లర్లప్పుడు ఎందరో ఎర్రకోటలో తలదాచుకున్నారు. వాళ్లకి భోజన సామగ్రి అందించే కాంట్రాక్టర్లు పెద్ద పెద్ద బిల్లులు పెడుతున్నారు. లోపలికి వెళ్లి తలలు లెక్కపెట్టే వీల్లేదు. మరి ఎంతమంది ఉన్నట్టు? మనిషికి రోజుకు బియ్యం ఎంత, పప్పు ఎంత, ఉప్పు ఎంత కావాలో సర్వేల వల్ల తెలుసు. బిల్లుల్లోని సరుకును దానితో భాగించి చూశారు. బియ్యం లెక్కన ఎక్కువమంది తేలారు. ఉప్పు లెక్కన చాలా తక్కువ! బియ్యం ఖరీదైనది కాబట్టి ఎక్కువ రాసుకుంటే లాభం. చవగ్గా దొరికే ఉప్పులో దొంగలెక్క రాసి ఏం బావుకుంటారు? అందుకని ఉప్పు మాటే నమ్మారు. ఏ ఇల్లాలో చెప్పిన చిటికెడు ఉప్పు లెక్క ఆ మోసాన్ని బయటపెట్టిందన్నమాట.

1950లో జాతీయ నమూనా సర్వే మొదలయ్యాక ఇలాంటి ప్రశ్నలు దేశమంతటా ఇళ్లకు వచ్చాయి. కాని అడగని సంగతి లెక్కలోకి రాదు కదండీ. ఇంటిపని మాత్రమే చేసే స్త్రీని ఉద్యోగాల సర్వేలో పనిచేసేవాళ్ల కింద రాయరు. రోజంతా ఎవరు ఏం చేశారని దేశవ్యాప్తంగా మొదటిసారి అడిగింది 2019లో. ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు చేస్తున్నారని, చేసే కొద్దిమంది మగవాళ్లు 97 నిమిషాలు చేస్తున్నారని అప్పుడు తేలింది. అంటే మన వాటా దాదాపు అయిదు గంటలు. ఈ సంగతి మనకు ఎప్పటినుంచో తెలుసు. కాగితం మీదికి రావడానికే అంతకాలం పట్టింది.

కాబట్టి ఈసారి సర్వేవాళ్లు వస్తే కాస్త కూర్చోబెట్టి మంచినీళ్లివ్వండి. ఉన్నది ఉన్నట్టు చెప్పండి. "మీరేం చేస్తారమ్మా?" అని అడిగితే మాత్రం "ఏమీ చెయ్యను, ఇంట్లోనే ఉంటాను" అనకండి. చేసే పనులన్నీ వరసగా చెప్పండి. మీ అమ్మాయిలకు లెక్కలంటే ఇష్టమైతే ఈ చదువు కూడా ఒకటుందని చెప్పండి. సెలవు.