మనోవ్యాధిగ్రస్తులు - పోలీసులు

అమెరికాలో మిసిసిపీ నది ఒడ్డున మెంఫిస్ అనే నగరమున్నది. 1987వ సంవత్సరం సెప్టెంబరులో ఆ నగరంలో ఒక తల్లి పోలీసులకు టెలిఫోను చేసినది. మనోవ్యాధితో బాధపడుతున్న ఆమె కుమారుడు, 27 ఏళ్ల యువకుడు, కత్తితో తన ఒంటిని కోసుకొంటూ చచ్చిపోతానంటున్నాడు. పోలీసులు వచ్చి కత్తి పారవేయమని ఆజ్ఞాపించినారు. అతడు పారవేయలేదు సరికదా, కలవరపడి వారివైపు పరుగెత్తినాడు. వారు తుపాకులు పేల్చినారు. కొడుకును కాపాడమని పిలిచిన తల్లికి శవం మిగిలినది.

ఆ పోలీసులు తాము నేర్చిన విద్యనే ప్రయోగించినారు. దొంగ ఎదురైతే గద్దించవలెను, చుట్టుముట్టవలెను, క్షణంలో లొంగదీయవలెను. దొంగకు తన మేలుకీళ్లు తెలుసును గనుక గద్దింపు పనిచేస్తుంది. మతి చలించిన మనిషి సంగతి వేరు. ఎదుట ఎవరూ లేకున్నా అతనికి మాటలు వినిపిస్తూ ఉండవచ్చు. ఎవరో తనను చంపజూస్తున్నారన్న భయం పట్టుకొని ఉండవచ్చు. అటువంటివానికి నలుగురి కేకలు ఆజ్ఞలుగా తోచవు. ఉన్న భయాన్ని రెట్టింపు చేస్తవి.

మరణించినవాడు నల్లజాతీయుడు, కాల్చినవారు తెల్లవారు కావడంతో నగరం అట్టుడికినది. చివరకు పోలీసు శాఖ, వైద్యులు, విశ్వవిద్యాలయాల ఆచార్యులు, రోగుల కుటుంబాల సంఘం కలిసి 1988లో ఒక కొత్త పద్ధతి ఏర్పరచినారు. ఇష్టపడి ముందుకు వచ్చిన పోలీసులకు 40 గంటల శిక్షణ. వ్యాధి లక్షణాలను వైద్యులు వివరించేవారు. వ్యాధి అనుభవించినవారు, వారి బంధువులు తమ కథలు తామే చెప్పేవారు. ఎడంగా నిలబడి, తొందరపడక, ఒక్కరే మెల్లని గొంతుతో మాట్లాడడం పోలీసుల చేత అభ్యాసం చేయించేవారు.

అయితే శాంతపరచిన రోగిని ఎక్కడికి తీసుకొనిపోవలెను? ఆసుపత్రి గుమ్మంలో గంటలకొలది కాచుకోవలసివస్తే ఏ పోలీసుకైనా జైలే సులభమనిపిస్తుంది. అందుచేత నగరంలోని పెద్ద ఆసుపత్రి, పోలీసులు తెచ్చిన రోగిని కాదనకుండా చేర్చుకొనే ఏర్పాటు చేసినది. శిక్షణకంటె ఇదే ముఖ్యమన్నా తప్పులేదు.

ఈ పద్ధతి క్రమంగా అమెరికాలో రెండు వేలకు పైగా ప్రాంతాలకు ప్రాకినది. పోలీసుల అవగాహన పెరిగినదని పరిశోధనలు చూపినవి. కాల్పులు, గాయాలు తగ్గినవా అన్న ప్రశ్నకు మాత్రం అన్నీ ఒకే జవాబు చెప్పలేదు.

మెంఫిస్ ఘటన జరిగిన 1987లోనే మన పార్లమెంటు కూడ ఈ విషయమై కొత్త చట్టం చేసినది. అంతకుముందున్న 1912 నాటి చట్టం ప్రకారం వీధులలో తిరిగే మనోవ్యాధిగ్రస్తుని పోలీసు 'అరెస్టు' చేసి మేజిస్ట్రేటు ముందు నిలిపేవాడు. కొత్త చట్టం 'అరెస్టు' తీసివేసి 'రక్షణ' అన్నది. కాని 24 గంటలలో వెళ్లవలసినది మళ్లీ మేజిస్ట్రేటు వద్దకే! అది అమలులోనికి వచ్చిన 1993లోనే, నేరం చేయని మనోవ్యాధిగ్రస్తులను జైళ్లలో ఉంచడం చట్టవిరుద్ధమని సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది.

2017 చట్టంతో దారి మారినది. పోలీసు అతనిని 24 గంటలలో దగ్గరి ప్రభుత్వ వైద్యశాలకు తీసుకొనిపోవలెను. లాకప్పులోగాని జైలులోగాని ఎట్టి పరిస్థితిలోను ఉంచరాదు. ఇల్లూవాకిలీ లేక తిరిగేవాడైతే, తప్పిపోయిన మనిషిగా కేసు నమోదు చేసి, అతని కుటుంబాన్ని వెదకి కబురందించడం స్టేషను అధికారి బాధ్యత.