చెరువు గట్టున డేరాలు

క్యాంపు అనే మాట వినగానే నేటి పిల్లలకు గుర్తుకు వచ్చేది ఒకటి, మనకు గుర్తుకు వచ్చేది మరొకటి. నీటి ఒడ్డున రంగురంగుల గుడారం, రాత్రి నెగడు, తెల్లవారి పడవ షికారు, ఇది వారి క్యాంపు. "దొరగారు క్యాంపులో ఉన్నారు, సంతకం ఎల్లుండే", ఇది మన క్యాంపు. మన తండ్రుల కాలంలో దీనికే దౌరా అనీ, ముకాము అనీ పేర్లు. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలలో నీటి ఒడ్డున గుడారం వేసుకున్నది ఎవరు, దానిని మోసుకొచ్చినది ఎవరు అనే విషయం చరిత్ర పుస్తకాలలో అరుదుగా కనిపిస్తుంది. రెవెన్యూలోనో, ఇరిగేషన్‌లోనో పనిచేసిన మన సభ్యులలో చాలామందికి ఇందులో కొంత తెలిసినదే. మన పిల్లలకు మాత్రం తెలియదు. అందుకే ఈ ప్రత్యేక సంచికకు ఈ విషయాన్ని ఎంచుకున్నాను.

సరదాకు గుడారం వేసుకోవడం మొదట యూరప్ వారి అలవాటు. ఇంగ్లండులో థామస్ హైరమ్ హోల్డింగ్ అనే ఆయన 1901లో సైకిళ్ల మీద తిరుగుతూ గుడారాలలో గడిపేవారి సంఘాన్ని స్థాపించాడు. 1907 ఆగస్టులో బేడెన్ పవెల్ బ్రౌన్‌సీ అనే చిన్న దీవిలో సుమారు ఇరవై మంది పిల్లలతో శిబిరం నడిపాడు. స్కౌటు ఉద్యమానికి అదే మొదలు. తరువాత ఈ అలవాటు బాగా పాకిన దేశాలలో డెన్మార్క్ ఒకటి. ఆ దేశమంతా చదునైన నేల. అక్కడి ఎత్తైన స్థలం 171 మీటర్లు మాత్రమే. మన మహబూబ్‌నగర్ పట్టణమే సముద్ర మట్టానికి దాదాపు 500 మీటర్ల ఎత్తున ఉన్నది కనుక, మన బస్టాండులో నిలబడిన మనిషి ఆ దేశంలో అందరికన్నా ఎత్తున ఉన్నట్లే! అక్కడ ఏ ఊరివారికైనా సముద్రం ఇంచుమించు 50 కిలోమీటర్ల లోపే. అయితే సముద్రం దగ్గర ఉన్నంత మాత్రాన కూలివాడు ఒడ్డున గుడారం వేయలేడు కదా. 1938లో ఆ దేశం చట్టం చేసి పనిచేసే ప్రతివారికీ జీతంతో కూడిన రెండు వారాల సెలవు ఇచ్చింది. ఇప్పుడది ఐదు వారాలు. ఫ్రాన్సు 1936లోనే ఇటువంటి చట్టం చేసింది. హోటలుకు డబ్బు లేకపోయినా గుడ్డ గుడారం కొనుక్కోగల కుటుంబాలు ఒడ్డుకు వచ్చాయి.

ఆ కాలంలో మన ప్రాంతం సంగతి చూద్దాం. మనకు సముద్రం లేదు. 1766 ఒప్పందంతో ఉత్తర సర్కారులు, 1788లో గుంటూరు ఇంగ్లీషు కంపెనీ చేతికి పోయిన తరువాత నిజాం రాజ్యానికి కోస్తా లేకుండా పోయింది. మనకు ఉన్నవి చెరువులు. నల్లగొండ పక్కన పానగల్లులో కందూరు చోళుల నాటి ఉదయసముద్రం ఉన్నది. సముద్రం లేనివాళ్లం కనుక చెరువుకే సముద్రమని పేరు పెట్టుకున్నాం. ఈ చెరువుల గట్లే దౌరాకు వచ్చే అధికారులకు ముకాములు.

మొదటి సాలార్‌జంగు 1865లో జిలాబందీ చేసి జిల్లాలు, తాలూకాలు ఏర్పరచిన తరువాత అవ్వల్ తాలూక్‌దారు మొదలు తహసీల్దారు, గిర్దావరు వరకు అందరూ గ్రామాలు తిరగవలసి వచ్చింది. వానలు వెనుకబట్టి, పంట కళ్లాలకు చేరే చలికాలం దీనికి అనువైనది. చెరువు గట్టు కింద చింతతోపో, మామిడితోపో చూసి డేరాలు వేసేవారు. ఎడ్లకు, గుర్రాలకు నీరు దగ్గర, మనుషులకు నీడ దగ్గర. ఫర్రాషులు ఒకరోజు ముందే వచ్చి గూటాలు కొట్టేవారు. పెద్ద డేరాలో కచేరీ, చిన్న డేరాలో నిద్ర, వెనుక వంట. చూడడానికి అది ఎంతో వేడుక. ఊరి పిల్లలంతా చుట్టూ చేరేవారని పెద్దలు చెప్పగా విన్నాను.

ఆ వేడుకకు వెనుకవైపు వెట్టి ఉన్నది. డేరా సామానుకు బండ్లు కట్టవలసినది రైతులు. కుండలు తేవలసినది కుమ్మరి. బట్టలు ఉతికి, రాత్రి దివిటీ పట్టవలసినది చాకలి. పాలు, మేకలు గొల్లలవి. సరుకులు కోమటి అరువు మీద ఇవ్వాలి, ఆ అరువు తీరేది అనుమానమే. బరువు మోయడం, కబురు తీసుకుని పక్క ఊరికి పరుగెత్తడం మాదిగలది. ఎవరి కులవృత్తి వారి మెడకు ఉరి అయింది. మూడు రోజుల ముకాము మూడు నెలలు జ్ఞాపకం ఉండేదని మా సీనియర్ గుమాస్తా ఒకరు అనేవారు. కూలి ఇవ్వాలని సర్కారు హుకుములు ఉండేవి. అవి ఉర్దూలో, ఫైలులో ఉండేవి.

దీనిని మొదట బయట పెట్టిన వారిలో మన జిల్లాల పెద్దలు ఉండటం మనకు గర్వకారణం. పాలమూరు జిల్లాకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి గారు 1926లో గోలకొండ పత్రిక స్థాపించి అధికారుల జులుం గురించి నిర్భయంగా రాశారు. 1930లో జోగిపేటలో జరిగిన మొదటి ఆంధ్రమహాసభకు ఆయనే అధ్యక్షులు. రెండవ సభ 1931లో మన దేవరకొండలో, మళ్లీ పాలమూరు వారే అయిన బూర్గుల రామకృష్ణారావు గారి అధ్యక్షతన జరిగింది. వెట్టి రద్దు కావాలన్నది ఈ మహాసభల ముఖ్యమైన కోరికలలో ఒకటి. మాడపాటి హనుమంతరావు గారు తమ 'తెలంగాణా ఆంధ్రోద్యమము'లో ఈ చరిత్ర రాసిపెట్టారు. డెన్మార్క్ కూలివాడికి జీతంతో సెలవు దొరికిన 1938 నాటికి మన కూలివాడు జీతంతో పని కోసం ఇంకా పోరాడుతూనే ఉన్నాడు.

తరువాత పదేళ్లలో ఆ మాటకు మరొక అర్థం వచ్చింది. 1947, 48లలో నల్లగొండ పల్లెలలో క్యాంపు అంటే రజాకార్ల క్యాంపు. 1948 సెప్టెంబరు తరువాత అంటే మిలిటరీ క్యాంపు. ఈ మాట వింటేనే తలుపులు మూసుకున్న ముసలివారిని నా చిన్నతనంలో చూశాను. దీని మీద ఎందరో రాశారు కనుక ఇంతటితో వదులుతున్నాను.

ఇక నీరే మన దగ్గరికి వచ్చిన కాలం. 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. అంతకు ముందు ఏడాదే, 1954లో, ఆ లోయలో పురావస్తు శాఖ వారు ఆర్. సుబ్రహ్మణ్యం గారి నాయకత్వంలో తవ్వకాలు మొదలుపెట్టి 1960 దాకా సాగించారు. నీళ్లు రాకముందే ఇక్ష్వాకుల విజయపురిని వెలికి తీయాలి. గడువు పెట్టుకుని చరిత్రను తవ్వడం అంటే అదే. దొరికిన కట్టడాలలో ముఖ్యమైన వాటిని కొండ మీదికీ, అనుపు దగ్గరికీ చేర్చి మళ్లీ కట్టారు. మన ఒడ్డున ఏలేశ్వరంలో రాష్ట్ర పురావస్తు శాఖ తరఫున అబ్దుల్ వహీద్ ఖాన్ గారు తవ్వించారు. ఇప్పుడు ఆ ఏలేశ్వరం నీటి అడుగున ఉన్నది. కొండకు లాంచీలో పోయే వారందరికీ విజయపురి పేరు తెలుసు. ఏలేశ్వరం పేరు మన జిల్లావారికే తెలియకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

సాగర్ గట్టు రాతి కట్టడం. యంత్రాలు తక్కువ, మనుషులు ఎక్కువ. సర్వీ కర్రల పరంజాల మీద రాళ్లు, సున్నం, సిమెంటు తలల మీద మోశారు. మోసిన వారిలో పాలమూరు కూలీలు పెద్ద సంఖ్యలో ఉన్నారు. వర్షాధారపు భూమి, అప్పు, ఏడాదికొక కరువు కలిసి ఆ జిల్లా మనిషిని ఇల్లు కదిలించాయి. గుంపు మేస్త్రీ దసరా, దీపావళి మధ్యలో వచ్చి అడ్వాన్సు ఇచ్చేవాడు. ఆ డబ్బు అప్పటికే అప్పుకు పోయేది. మొగుడు, పెళ్లాం, చంకలో పిల్లతో లారీ ఎక్కేవారు. దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా అక్కడ పాలమూరు కూలీ ఉంటాడని నానుడి పుట్టింది. వారు ఉన్నది కూడా నీటి ఒడ్డునే, ఉన్నది కూడా గుడారం వంటి దానిలోనే. తాటాకులు, గోనెపట్టాలు కప్పిన గుడిసె, మూడు రాళ్ల పొయ్యి. మన ప్రాంతంలో అందరికన్నా ఎక్కువ రాత్రులు నదుల ఒడ్డున గడిపినది వీరే. 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వచ్చినా, మేస్త్రీ లెక్కల పుస్తకం దాకా ఆ చట్టం చేరడం కష్టమైంది.

1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ గారు కాలువలకు నీరు వదిలారు. అప్పటి నుంచి సాగర్ మనకు చూడవలసిన చోటు అయింది. స్కూలు పిల్లల ఎక్స్‌కర్షన్లు, పెళ్లయిన కొత్త జంటలు, 26 గేట్లు ఎత్తారని తెలిస్తే బస్సులు కట్టుకుని వచ్చే జనం. పులిహోర, పెరుగన్నం మూటలు కట్టుకుని హిల్ కాలనీ చెట్ల కింద కూర్చోవడమే మన విహారయాత్ర. డేరా వేసుకోవాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. డేరా అంటే సర్కారుదని మనస్సులో ఉండిపోయింది కాబోలు. వనపర్తి దగ్గర సరళాసాగర్‌లో సైఫన్లు వాటంతట అవే తెరుచుకుని నీరు దూకడం చూడటానికి కూడా ఇలాగే పోయేవారు.

సముద్రం సంగతి మరిచాను అనుకోకండి. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడటంతో నిజాం పోగొట్టుకున్న కోస్తా మన రాష్ట్రంలో భాగమైంది. దాని మంచి చెడ్డల చర్చ ఇక్కడ వద్దు. ఎల్.టి.సి. మాత్రం మన వాళ్లను ఒడ్డుకు చేర్చింది. నాలుగేళ్ల బ్లాకులో ఒకసారి స్వగ్రామానికి, ఒకసారి రాష్ట్రంలో ఏ చోటికైనా పోవచ్చు. తిరుపతి ఎలాగూ ఉన్నది. దానికి విశాఖపట్నమో, బందరో, బాపట్ల పక్కన సూర్యలంకో కలిపేవారు. మా ఆవిడ మొదటిసారి సూర్యలంకలో సముద్రం చూసి, "ఇంత నీరుండి ఒక్క చేనుకూ పారదా?" అని అడిగింది. మెట్ట ప్రాంతపు ఆడబిడ్డ మరి. సత్రంలో బస, ఇసుకలో దుప్పటి పరుచుకుని సాయంత్రం, అంతే. 2014 జూన్ 2 నుంచి మన రాష్ట్రానికి మళ్లీ సముద్రం లేదు.

మా ఉద్యోగ కాలంలో క్యాంపు చాలా మారింది. నేను చేరిన 1970లలో డేరాలు రికార్డు గదిలో చిమటలు తింటున్నాయి. జమాబందీ క్యాంపు అంటే ట్రావెలర్స్ బంగళా, అది లేకుంటే బడి వసారా. 8 కిలోమీటర్లు దాటితేనే టి.ఏ. అనే నిబంధన, టూర్ డైరీ, హాల్టుల లెక్క ఇప్పటికీ నోటికి వచ్చిన వారు మనలో ఉన్నారు. పట్వారీ గారింట భోజనం ఎవరి ఖాతాలో పడేదో రెవెన్యూ వారికి నేను చెప్పనక్కరలేదు. 1984లో పటేల్, పట్వారీ వ్యవస్థ పోయింది, 1985లో మండలాలు వచ్చాయి. జీపులో ఉదయం పోయి సాయంత్రం తిరిగి రావడం మొదలైంది. నిజంగా గుడారంలో నేను పడుకున్నది ఒక్కసారే, 2004 కృష్ణా పుష్కరాల డ్యూటీలో వాడపల్లి దగ్గర. దోమలు, మైకు, తప్పిపోయిన పిల్లల ప్రకటనలు. అయినా తెల్లవారుజామున మూసీ వచ్చి కృష్ణలో కలిసే చోట మంచు తేలిపోవడం చూస్తే, ఊరికే డబ్బిచ్చి గుడారంలో పడుకునే వారి మీద నాకున్న చిన్నచూపు కొంత తగ్గింది.

ఇప్పుడు కొల్లాపూర్ దగ్గర సోమశిలకు జనం బాగా వస్తున్నారు. పర్యాటక సంస్థ కాటేజీలు ఉన్నాయి, కృష్ణలో పడవలు ఉన్నాయి. ఆ నీరు శ్రీశైలం ప్రాజెక్టు నీరు. 1963లో శంకుస్థాపన జరిగింది. 1981లో ఊళ్లు ఖాళీ చేయించారు. అటు కర్నూలు, ఇటు మహబూబ్‌నగర్ జిల్లాలలో కలిపి వందకు పైగా గ్రామాలు మునిగాయి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురానికి తెచ్చారు, సోమశిల గుడులు పైకి తరలించారు. గుడి రాళ్లకు నంబర్లు వేసి మళ్లీ నిలబెట్టగలిగారు. ఊళ్లు మాత్రం చెదిరిపోయాయి. ఆ ఊళ్ల వారిలో కొందరు కూడా పాలమూరు కూలీల లారీలే ఎక్కారు.

ఎదురుగా ఆవలి ఒడ్డున సప్తనదుల సంగమేశ్వరం గుడి మాత్రం తరలలేదు. వానాకాలంలో మునిగి, ఎండాకాలంలో నీరు తగ్గగానే బయటపడుతుంది. అప్పుడు పూజలు జరుగుతాయి. సోమశిల నుంచి పడవలో పోవచ్చు. మనవళ్లను తీసుకుని పోదలచిన సభ్యులు మార్చి దాటిన తరువాత, నీటిమట్టం విచారించి మరీ బయలుదేరడం మంచిది. ఎండ తీవ్రంగా ఉంటుంది, గొడుగు ఉండాలి. నీరు తీసిన ఒడ్డు ఒండ్రుతో జారుతుంది కనుక మోకాళ్ల నొప్పులున్న వారు చేతికర్ర వెంట ఉంచుకోగలరు.