దస్త్రమంటే కట్ట కదయ్యా!

నెల్లూరు దగ్గర మైపాడులో బస్సు దిగేసరికి ముసురు. కార్తీకంలో ఈ తీరమంతా ఇంతే, పొద్దున పట్టిన చినుకు రాత్రికి కూడా వదలదు. పడవల్ని ఇసుక మీదికి లాగేశారు. రోడ్డుకి అటూ ఇటూ రొయ్యల గుంటల్లో ఏరియేటర్లు మాత్రం ఆగకుండా నీళ్ళు చిలుకుతున్నాయి. మేత కొట్టు పక్కన సందు, సందులో ఇనుప మెట్లు. చెప్పులు కిందే వదలండి. మీరు పైకి ఎక్కుతుంటే మేత బస్తాల ఎండుచేపల వాసన కూడా మీ వెంటే ఎక్కుతుంది.

గదిలో ఆరుగురం ఉన్నాం. కావలి నుంచి వచ్చిన టీచరమ్మ, పాలిటెక్నిక్ చదివే ఇద్దరు కుర్రాళ్ళు, మేత కొట్టు ఓనరు, ఊళ్ళో పెద్దాయన ఒకరు, నేను. మూలన చూరు కారుతుంటే కింద బకెట్టు పెట్టారు. చాప మీద బొరుగులు, మిరపకాయ బజ్జీలు, నాలుగు ల్యాప్‌టాప్‌లు. ఒక ల్యాప్‌టాప్ యూఎస్‌బీ రంధ్రంలోకి తొంగి చూడండి: రాగి మీద పచ్చటి చిలుము. ఉప్పుగాలికి ఇక్కడ ఇనుమే కాదు, ఏదీ నిలవదు. పెన్‌డ్రైవ్ పెట్టే ముందు కుర్రాడు పాత టూత్‌బ్రష్‌తో ఆ రంధ్రాన్ని రుద్దుతాడు. మా సరంజామాలో అన్నిటికన్నా పనికొచ్చే సాధనం ఆ బ్రష్షే.

చేస్తున్న పని చెప్పాలంటే చిన్నదే. డెబియన్ అనే లినక్సుని తీసుకుని, పక్క ఊరి బడికీ కింద కొట్టుకీ సరిపోయేలా తెలుగు ముఖంతో, పెన్‌డ్రైవ్ నుంచి ఎక్కించుకునే ఒక ఇమేజ్ తయారు చెయ్యాలి. డెబియన్‌ని 1993 ఆగస్టు 16న ఇయాన్ మర్డాక్ అనే విద్యార్థి మొదలుపెట్టాడు. అప్పటి స్నేహితురాలు డెబ్రా పేరుకి తన పేరు తగిలిస్తే డెబియన్ అయింది. అప్పటి నుంచీ దాన్ని మోస్తున్నది వలంటీర్లే. ఏటా ఓట్లేసి నాయకుణ్ణి ఎన్నుకుంటారు, కానీ ఆ నాయకుడు ఎవరికీ పని పురమాయించలేడు. ప్రాజెక్టు కోసం పని చెయ్యాల్సిన బాధ్యత ఎవరి మీదా లేదని వాళ్ళ రాజ్యాంగంలోనే రాసుకున్నారు. ఇది విన్న కొట్టు ఓనరు, "మరి పని ఎట్ట జరగతా ఉండాదబ్బా?" అన్నాడు. 2025 ఆగస్టులో వచ్చిన పదమూడో విడుదల ట్రిక్సీలో 69,830 ప్యాకేజీలు ఉన్నాయని చెప్పాను. ఆయన నమ్మినట్టు లేదు.

కుర్రాడి తెర మీదికి చూడండి. అక్కడ ఉన్నది మామూలు టెక్స్టు ఫైలు, వరసకి ఒక ప్యాకేజీ పేరు. లైవ్-బిల్డ్ అనే పనిముట్టు ఈ జాబితా చదివి ఇమేజ్ కడుతుంది. మా డిజైన్ అంతా ఇక్కడే, ఒక్కో వరస మీద ఒక్కో తగవు. అలవాటుగా వచ్చే గ్నోమ్ డెస్క్‌టాప్ రెండు జీబీ ర్యాము ఉన్న బడి మిషన్ల మీద ఈడ్చుకుంటూ నడుస్తుంది కాబట్టి ఎక్స్‌ఎఫ్‌సీఈ పెట్టాం. ఫాంట్లలో లోహిత్ ఉంది, దేశికాచారిగారి పోతన, వేమన ఉన్నాయి. టైపు చెయ్యడానికి ఐబస్, అందులో ఇన్‌స్క్రిప్ట్ అమరిక. తెర వెనక బొమ్మగా పులికాట్ రాజహంసలు కావాలన్నాడు ఒక కుర్రాడు. పెట్టి చూశాం. ఐకాన్ల కింద తెలుగు అక్షరాలు రెక్కల్లో కలిసిపోయాయి. తీసేసి ఒట్టి గుంటనీళ్ళ రంగు వేశాం. కుర్రాడు అలిగి రెండు బజ్జీలు ఎక్కువ తిన్నాడు.

ఈ దారిలో మేమేం మొదటివాళ్ళం కాదు. 2005 నుంచి హైదరాబాదులో 'స్వేచ్ఛ' వాళ్ళు తెలుగు లినక్సు మీద పని చేస్తున్నారు. బడిపిల్లల కోసం బాల స్వేచ్ఛ, ఇంజనీరింగు విద్యార్థులే తమ కోసం కట్టుకునేలా ఈ-స్వేచ్ఛ, రెండూ వాళ్ళు తలపెట్టినవే. డెబియన్ ఇన్‌స్టాలర్ 2011లో ఆరో విడుదలతో తెలుగు నేర్చింది. దాంట్లో ఒక మెలిక ఉంది, ఇప్పుడు మీ కళ్ళ ముందే బయటపడుతుంది.

కుర్రాడు పెన్‌డ్రైవ్ గుచ్చి మిషను లేపాడు. మెనూలో రెండు దారులు: గ్రాఫికల్ ఇన్‌స్టాల్, ఉత్త ఇన్‌స్టాల్. తొందరలో రెండోది నొక్కాడు. భాషల జాబితా వచ్చింది. పైకీ కిందికీ వెతికాడు, తెలుగు లేదు.

"ఏందక్కా ఇది, మన బాస తీసేశారా?"

తియ్యలేదు. ఉత్త అక్షరాల తెరని సమానమైన గళ్ళుగా కోసేస్తారు, గడికి ఒక అక్షరం. ఇంగ్లీషుకి అది చాలు. 'స్త్రీ' అని రాయండి. కంప్యూటరు లోపల అవి ఆరు ముక్కలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. ఆ ఆరూ ఒకదాని మీద ఒకటెక్కి, కిందికి దిగి, పక్కకి ఒరిగి ఒకే రూపం కావాలి. గళ్ళ తెరకి ఆ విద్య రాదు. అందుకే తెలుగు గ్రాఫికల్ దారిలోనే ఉంటుంది. వెనక్కి వచ్చి మొదటిది నొక్కాడు. ఈసారి జాబితాలో 'తెలుగు' కనిపించగానే గదిలో ఎవరో చిటికె వేశారు.

డబ్బున్న కంపెనీలకీ ఈ ఒత్తులు చెమటలు పట్టించాయి. 2018 ఫిబ్రవరిలో మధ్యన కంటికి కనపడని ఒక గుర్తు చేరిన 'జ్ఞా' ఒక్కటి సందేశంగా వస్తే చాలు, ఐఫోన్లలో దాన్ని చూపించే యాప్ కూలబడేది. యాపిల్ వారు దానికోసమే ఒక సవరణ విడుదల చెయ్యాల్సి వచ్చింది. జ్ఞానం మోయడం కష్టమే మరి.

అసలు పని మాత్రం టీచరమ్మ చాప దగ్గర జరుగుతోంది. అటు జరిగి కూర్చోండి. ఆమె తెర మీద జంటలు జంటలుగా వాక్యాలు, పైన ఇంగ్లీషు, కింద తెలుగు. కింద ఖాళీగా వదిలేస్తే వాడేవాళ్ళకి ఇంగ్లీషే కనిపిస్తుంది. మూల వాక్యం మారితే పాత అనువాదం మీద 'ఫజ్జీ' అని ముద్ర పడుతుంది, ఎవరో ఒకరు మళ్ళీ చూసేదాకా దాన్ని పక్కన పెడతారు. అలా ముద్ర పడి, చూసే దిక్కులేని వాక్యాలు ఎన్నో. ప్యాకేజీలకీ అదే గతి పడుతుంది. చూసుకునేవాళ్ళు తప్పుకుంటే డెబియన్ దాన్ని అనాథగా ప్రకటిస్తుంది, ఎవరైనా దత్తత తీసుకోవచ్చు. నెల్లూరువాళ్ళం కాబట్టి మాకిది కొత్తగా అనిపించదు. భారతంలో నన్నయ అరణ్యపర్వం సగంలో వదిలేస్తే మా తిక్కన దాన్ని ముట్టుకోకుండా విరాటపర్వం నుంచి ఎత్తుకున్నాడు. మిగిలిన ముక్కని తర్వాత ఎర్రన పూర్తిచేసి, నన్నయ అంకితమిచ్చిన రాజరాజనరేంద్రుడికే అంకితమిచ్చాడు. తన పేరు వెనక్కి పెట్టుకుని ఇంకొకడి పని అతుకు కనపడకుండా ముగించడం ఎంత కష్టమో ఈ చాప మీద కూర్చుంటే తెలుస్తుంది.

కొట్టు ఓనరు వంగి తెర మీద ఒక బటన్ చదివాడు. "రద్దుచేయి. ఏందమ్మా, నన్ను పట్టుకుని చెయ్యి అంటదా ఈ మిషను? గౌరవం లేదా?"

టీచరమ్మ నవ్వింది. "అది మిషను మిమ్మల్ని అనడం కాదన్నా. మీరు మిషన్ని అనడం."

ఒక్క క్షణం ఆగి ఆయనా నవ్వాడు. బటన్ మనం ఇచ్చే ఆజ్ఞ కాబట్టి 'చేయి' చాలు. అదే 'డిస్కును ఎంచుకోండి' అన్నప్పుడు మిషను మనతో మాట్లాడుతోంది, 'అండి' పడాల్సిందే. ఇంగ్లీషులో రెండిటికీ ఒకటే మాట సరిపోతుంది. తెలుగులో మాత్రం ఎవరు ఎవరితో అంటున్నారో తేల్చుకోకుండా ఒక్క బటన్ కూడా రాయలేం. ఫలానా మనిషి 'వచ్చాడు' అనాలా, 'వచ్చింది' అనాలా? మిషనుకి తెలియదు. 'వచ్చారు' అని తప్పించుకుంటాం.

విభక్తులు ఇంకో తలనొప్పి. ఇంగ్లీషు వాక్యంలో ఫైలు పేరు వచ్చే చోట శాతం గుర్తూ ఎస్ అక్షరమూ పెట్టి వదులుతారు. దాని పక్కన 'ను తొలగించాలా?' అని రాశామనుకోండి, కొట్టు ఓనరు 'జమలు' అని పేరు పెట్టుకున్న ఫైలు దగ్గరికి వచ్చేసరికి 'జమలు ను తొలగించాలా?' అని నత్తిగా మాట్లాడుతుంది. టీచరమ్మ ఆలోచించి 'ఈ ఫైలును తొలగించాలా:' అని రాసి, పేరుని చివరికి తోసింది.

అప్పుడు పెద్దాయన కళ్ళజోడు సర్దుకున్నాడు. వాళ్ళ తాతగారిది కరణీకం. పాత అనువాదాల్లో ఫైలుకి 'దస్త్రం' అని, ఫోల్డరుకి 'సంచయం' అని ఉంటుంది. దాన్ని వేలితో చూపించి అడిగాడు.

"ఇదేంది, ఒక్కదాన్ని దస్త్రం అన్నారు? దస్త్రమంటే కట్ట కదయ్యా! లెక్కలన్నీ గుడ్డలో మూటగట్టి చంకన పెట్టుకుని తాసిల్దారు దగ్గిరికి పొయ్యేది. మీరు సంచయం అంటా ఉండారే, అదీ దస్త్రం."

గదిలో చప్పుడు లేదు. కింద ఏదో బస్తా దించిన శబ్దం. కుర్రాడు ఫోనులో నిఘంటువు తీశాడు. కాగితాల కట్ట అనే ఉంది.

"మరి లోపల ఒక్క కాగితాన్ని ఏమనేవాళ్ళు తాతా?"

"దేని పేరు దానిదే. అడంగల్, చిట్టా. ఉత్త కాగితమైతే కాగితమే."

ఇరవై ఏళ్ళుగా తెలుగు తెరల మీద తిరుగుతున్న మాట. మా ఇమేజ్‌లో మార్చుకుంటే ఆపేవాడు లేడు, స్వేచ్ఛ అంటే అదే కదా. కానీ ఒక్క మైపాడులో మారిస్తే ఏం లాభం? మూలంలో అనువదించేవాళ్ళకి రాయాలని తేల్చుకున్నాం. ఆ లేఖ రాసే పని నా మీద పడింది. నా ఓటు 'ఫైలు'కే, జనం అనేది అదే కాబట్టి. టీచరమ్మ ఒప్పుకోలేదు. ఆ తగవు తెగలేదు.

తొమ్మిదింటికి కొట్టు ఓనరు పాత డెస్క్‌టాప్ మోసుకొచ్చాడు. పెంటియం 4, 32 బిట్లది. ట్రిక్సీ ఇమేజ్ పెడితే, తనకి 64 బిట్ల ప్రాసెసర్ కావాలని ఒక వాక్యం చెప్పి ఆగిపోయింది. ట్రిక్సీ నుంచి 32 బిట్ల మిషన్లకి ఇన్‌స్టాలర్ లేదు. ఇంత గొడవపడి కట్టిన ఇమేజ్ ఆయన మిషనుకే పనికిరాలేదు. ముందుగా ఎవరూ అడగలేదు, తప్పు మాదే. కుర్రాడు బ్రష్ తీసుకుని మళ్ళీ మొదలుపెట్టాడు, ఈసారి డెబియన్ 12తో. దానికి 2028 జూన్ దాకా భద్రతా సవరణలు అందుతాయి. అప్పటికి ఆ డెస్క్‌టాప్‌ని ఉప్పుగాలి బతకనిస్తుందా అన్నది వేరే సంగతి.

ఆఖరి బస్సు వేళయింది, మీరు లేవండి. లేఖ ఇంకా పంపలేదు, ఒక్క మాట దగ్గర ఆగి ఉంది. మీ ఇళ్ళల్లో కరణీకం చేసినవాళ్ళ తరం ఎవరైనా ఉంటే అడిగి చెప్పండి, దస్త్రం విప్పి అందులోంచి తీసిన ఒక్క కాగితాన్ని ఏమనేవాళ్ళో.