దొన కాడికి దావ

దగ్గరికి జరగండి నాయనా, చలి ముదురుతాంది. ఆ చింతమొద్దును రవంత లోపలికి తోయి, రాత్రంతా కాలుతుంది. పాపా, చెనిక్కాయలు నిప్పుల మింద కాదు, పక్కన వేడిబూడిదలో పెట్టు. పైన పెడితే తొక్క మాడిపోయి లోపల గింజ పచ్చిగానే ఉంటుంది.

రేపు కొండకు పోతామంటాండారు గదా. గాలిబండ కాడ ఫొటోలు తీసుకొని దిగొచ్చేదానికైతే నేను చెప్పాల్సిందేం లేదు, ఆ దావ కారుకే తెలుసు. నడిచి పోతామంటేనే వినండి.

మీరు హార్స్‌లీ హిల్స్ అంటాండారే, మా ఇంట్లో ఆ పేరు పలికేవాళ్లే లేరు. మా అవ్వకు అది ఏనుగు మల్లమ్మ కొండ. హార్స్‌లీ అనే దొర కడప కలెక్టరు. కడపాయన ఇక్కడికెందుకొచ్చినాడంటారా? 1911లో చిత్తూరు జిల్లా పుట్టేదాకా మన మదనపల్లె కడప జిల్లాలోదే. ఆ కడప ఎండలకు తాళలేక 1870 ప్రాంతంలో కొండమింద ఇల్లు కట్టుకున్నాడు. మన ఊరే రెండువేల అడుగుల పైన ఉంది, కొండ కొన నాలుగువేల నూరు దాటుతుంది. చల్లగా ఉండక ఏం చేస్తుంది? దొర పేరు పుస్తకాల్లోకి ఎక్కింది. మల్లమ్మ పేరు మా అవ్వ నోట్లో మిగిలింది.

ఆ మల్లమ్మను ఏనుగులు సాకినాయంట. దిక్కులేని ఆడబిడ్డకు అవే తిండి తెచ్చి పెట్టినాయంట. పిల్ల పెద్దదై, కొండలో ఉండే చెంచులకు రోగమొస్తే నొప్పొస్తే తానే చూసుకునేదంట. ఒకనాడు ఉన్నట్టుండి కనబడకుండా పోయింది. ఆమెకే గుడి కట్టి మొక్కుకుంటాండారు.

నాకు పన్నెండేళ్లప్పుడు, 1960 దాటినాక, మా మామ నన్ను మొదటిసారి ఆ కొండలో ఉండే దొన కాడికి తీసుకపొయినాడు. మా అమ్మకు తమ్ముడు. వాళ్లది పుంగనూరు. ఆయన పెళ్లి చేసుకోలేదు. నాలుగు మేకలు తోలుకొని అక్క ఊరికే వచ్చేసినాడు. అంగళ్లు ఊరు దాటినాక ఉండే గుట్టల్లో ఆయనకు తెలియని బండ లేదు.

కోడి కూయకముందే లేపినాడు. సొరబుర్ర నిండా నీళ్లు, తువ్వాలులో సద్దిమూట. ఆ సద్దిలో పెరుగు మా పుంగనూరు ఆవుదే. అమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఆవు. ఎంత పొట్టిదంటే, పన్నెండేళ్ల నాకే నడుము పైకి కొంచెం వచ్చేది. పెద్ద మనిషి నడుము వంచకుండానే దాని వీపు నిమరొచ్చు. పాలు తక్కువే, వెన్న మాత్రం గిన్నెకు అంటుకొని వదిలేది కాదు. రవ్వంత కసువుతో, ఎండుమేతతో బతికేది. ఆ జాతి ఊరూరా ఉండేది, నా కళ్ల ముందే దాదాపు లేకుండా పోయింది. ఈపొద్దు మళ్లీ మంది వెతుక్కుంటా వస్తాంటే నాకు పోయిన చుట్టం తిరిగొచ్చినట్టుంది.

సరే, దావ మాట చెప్తాను. కింద సీతాఫలం చెట్లు అయిపోయేదాకా మామ కర్రతో బండలను టకటకమని కొడతా నడిచె. ఎందుకు మామా అంటే, "ఎలుగుబంటి పండు తింటా మైమరిచి ఉంటుంది అల్లుడా. మనమొచ్చేది దానికి ముందే తెలియాల. తెలిస్తే అదే తప్పుకుంటుంది" అన్యాడు. పైన బోదకసువు మొదలయ్యే కాడ బీడీ ఆర్పేసి, పీక కూడా మడిచి జేబులో పెట్టుకున్యాడు. ఎండిన బోదకు నిప్పురవ్వ తగిలితే కొండ సగం పోతుందని ఆయన భయం. మీరు కూడా పైన పొయ్యి వెలిగిస్తామని అనొద్దండి. తినేది ఇంటికాడే వండుకొని పోండి.

ఒక కాడ రెండు పెద్దబండలు తలలు ఆనించుకొని నిలబడి ఉంటాయి. వాటి మధ్యలో దూరాల. ఆడికి పోతానే మామ నోటి మింద వేలు పెట్టుకున్యాడు. మళ్లీ దిగి అదే సందులోంచి బయటికొచ్చేదాకా మాట్లాడలేదు.

దొన అంటే మీకు తెలీదేమో. బండ కడుపులో నీళ్లు నిలిచే గుంట. వాన నీళ్లు రాతి నెర్రెల్లో దిగి చుక్క చుక్కగా ఊరుతాయి. మన దొన మంచమంత వెడల్పు, పైన ఇంకో బండ చూరు మాదిరి వాలి ఉంటుంది కాబట్టి ఎండ పడదు. గాలిబండ మింద గాలికి మనిషి నిలవలేడు గదా, ఇక్కడ ఆకు కూడా కదలదు. మొదట నా చెవుల్లో నా గుండే వినపడింది. తర్వాత నీటిబొట్టు రాలే చప్పుడు. అంతే.

నాకు దప్పిక. దిగబోతే మామ చెయ్యి పట్టి ఆపి, అంచున తడిమట్టి చూపించె. దుప్పి గిట్టలు, పిట్టల కాళ్లు. ఇంకా తాగాల్సినవి ఉన్నాయని సైగ చేసె. ఎంతసేపు కూర్చున్నామో! ఒక పిట్ట వచ్చి వాలింది, గొంతుకు పసుపు పూసుకున్నట్టుంది. అది పసుపుగొంతు పిగిలిపిట్ట అనీ, ఇట్లాంటి బండల గుట్టల్లోనే బతుకుతుందనీ, యాడంటే ఆడ దొరికేది కాదనీ శానా ఏండ్లకు తెలుసుకున్నా. కింద ఋషివ్యాలీ లోయను 1991లో పక్షుల కోసం కాపాడుతామని ప్రకటించినారే, అప్పుడు. ఆ పిట్ట తాగి పోయినాక, మామ మోదుగాకు దొప్పతో ముంచి నాకిచ్చె. చెయ్యి పెట్టకూడదు, కాలు అసలే పెట్టకూడదు.

చూరుబండ ఎక్కితే కింద లోయంతా కనపడుతుంది. జిడ్డు కృష్ణమూర్తి 1895లో మన మదనపల్లెలో పుట్టినాయనే గదా. ఆ లోయలో ఉండే ఋషివ్యాలీ బడికి ఆయన చలికాలంలో వచ్చేవాడు, మాపటేల నడకకు పోయేవాడు. ఆ గుట్టలు నా చిన్నప్పుడు కట్టెలకు కొట్టీ కొట్టీ బోడిగా ఉండె. బడివాళ్లు మొక్కలు పెట్టి, వాన నీళ్లకు కట్టలేసి మళ్లీ పచ్చగా చేసినారు. మనుషులు పోగొట్టిన దాన్ని మనుషులే తెచ్చినారు, నేను కళ్లారా చూసినా.

సందు దాటి కిందికి దిగేటప్పుడు మామను అడిగితిని, మల్లమ్మ ఏనుగులు యాడికి పొయినాయని. "ఏనుగు దావ మర్చిపోదు" అన్యాడు. పిల్లోణ్ని సముదాయించే మాట అనుకుంటిని. 1980ల్లో మా చెల్లెల్ని ఇచ్చిన కుప్పం పక్కనుంచి కబురొచ్చె: ఏనుగులు దిగినాయని. తమిళనాడు అడవుల్లోంచి వచ్చినాయి. ఆ సీమలో ఎన్నో తరాలుగా ఏనుగును చూసినోళ్లు లేరు. 1990లో వాటికోసం కౌండిన్య అభయారణ్యం పెట్టినారు. మా చెల్లెలు తొక్కిపోయిన రాగిచేను కాడ కూర్చోని ఏడిస్తే ఆమె పక్కన కూర్చుంటి. ఆ ఏడుపు చిన్నది కాదు. అయినా ఆ రాత్రి అడవిలోంచి ఘీంకారం వినపడితే నాకు మా మామ మాటే చెవిలో మోగింది.

మామ మంచాన పడినాక ఒకటే అడిగేవాడు, "దొనలో నీళ్లుండాయా అల్లుడా?" అని. ఆ ఏడు వానల్లేవు. పని మింద పని, నేను కొండ ఎక్కి రెండేండ్లయింది. "ఉండాయి మామా, నిండుగా ఉండాయి" అంటి. ఆయన కండ్లు మూసుకొని తలాడించినాడు. నాలుగు రోజులకు పోయినాడు. ఆ తర్వాత కూడా నేను పోయి చూడలేదు, ఎండి ఉంటే ఏం చేయాలో తోచక. ఇప్పుడు మోకాళ్లు రానీవు.

అందుకే చెప్తాండా. జంటబండలు దాటినాక మాట్లాడొద్దు. తడిమట్టి తొక్కొద్దు. పోయి చూసి రండి. నీళ్లుంటే ఉన్నాయని చెప్పండి, లేకుంటే లేవనే చెప్పండి. నా మాదిరి అబద్ధం చెప్పొద్దు.