ల్యాప్‌టాప్‌లో విండోస్ ఓపెన్ కావడం లేదా? ఫార్మాట్ కొట్టించే ముందు ఇవి చెక్ చేయండి!

రాత్రి వరకు బాగానే పనిచేసిన ల్యాప్‌టాప్ పొద్దున ఆన్ చేస్తే లోగో దగ్గరే ఆగిపోతుంది. ఒక్కోసారి ఫ్యాన్ శబ్దం వస్తుంది గానీ స్క్రీన్ నల్లగానే ఉంటుంది. ప్రాజెక్ట్ సబ్మిషన్ రోజో, ఆఫీస్ మీటింగ్ రోజో ఇలా జరిగితే ఇక కంగారే. ఆ కంగారులో చాలామంది నేరుగా షాపుకెళ్లి ఫార్మాట్ కొట్టించేస్తారు. కానీ విండోస్ ఓపెన్ కానంత మాత్రాన ఫొటోలు, ఫైళ్లు పోయినట్టు కాదు. చాలా సందర్భాల్లో అవి డ్రైవ్‌లో భద్రంగానే ఉంటాయి. తొందరపడి ఫార్మాట్ చేస్తేనే అసలు నష్టం.

లైట్ కూడా వెలగకపోతే..

ముందు ఛార్జర్‌ను వేరే ప్లగ్‌లో పెట్టి చూడాలి. అయినా ఫలితం లేకపోతే ఛార్జర్, పెన్‌డ్రైవ్, మౌస్ అన్నీ తీసేసి పవర్ బటన్‌ను 30 సెకన్ల పాటు నొక్కి పట్టుకోవాలి. తర్వాత ఛార్జర్ పెట్టి మళ్లీ ఆన్ చేయాలి. కొన్నిసార్లు ఇంతటితోనే సమస్య తీరిపోతుంది.

ఆన్ అయినా స్క్రీన్ నల్లగా ఉంటే..

విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి.. ఈ నాలుగు కీలను ఒకేసారి నొక్కాలి. దీంతో డిస్‌ప్లే డ్రైవర్ రీస్టార్ట్ అవుతుంది. అప్పటికీ ఏమీ కనిపించకపోతే హెచ్‌డీఎంఐ కేబుల్‌తో టీవీకి కలిపి చూడాలి. టీవీలో బొమ్మ వస్తే ల్యాప్‌టాప్ బాగానే ఉన్నట్టు, లోపం స్క్రీన్‌లోనో దాని కేబుల్‌లోనో ఉన్నట్టు.

లోగో దగ్గరే తిరుగుతుంటే..

అప్‌డేట్ శాతం కనిపిస్తుంటే ఆఫ్ చేయకుండా వేచి చూడాలి. అలాంటిదేమీ లేకుండా ఆగిపోతే, లోగో రాగానే పవర్ బటన్‌ను నొక్కి పట్టుకుని ఆఫ్ చేయాలి. ఇలా రెండు మూడుసార్లు చేస్తే రికవరీ స్క్రీన్ వస్తుంది. అందులో ట్రబుల్‌షూట్, ఆ తర్వాత అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి మొదట స్టార్టప్ రిపేర్ ప్రయత్నించాలి. అప్‌డేట్ తర్వాతే సమస్య మొదలైతే అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్ ఎంచుకోవాలి. స్టార్టప్ సెట్టింగ్స్‌లో రీస్టార్ట్ కొట్టి 4 నొక్కితే సేఫ్ మోడ్ ఓపెన్ అవుతుంది. అందులోకి వెళ్లగలిగితే ముందు ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోవాలి.

2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అప్‌డేట్ లోపంతో ప్రపంచవ్యాప్తంగా దాదాపు 85 లక్షల విండోస్ సిస్టమ్‌లు బ్లూ స్క్రీన్‌తో ఆగిపోయాయి. అప్పుడు కూడా పరిష్కారం ఫార్మాట్ కాదు. సేఫ్ మోడ్‌లోకి వెళ్లి లోపం ఉన్న ఫైల్‌ను డిలీట్ చేయడమే.

48 అంకెల కీ అడిగితే..

ఇది బిట్‌లాకర్ రికవరీ కీ. కొత్త విండోస్ 11 ల్యాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయినప్పుడు డ్రైవ్‌కు తాళం దానంతట అదే పడుతుంది. చాలామందికి ఆ విషయమే తెలియదు. ఫోన్‌లో అదే అకౌంట్‌తో లాగిన్ అయి డివైజెస్ విభాగంలో చూస్తే కీ దొరుకుతుంది. ఆఫీస్ ల్యాప్‌టాప్ అయితే ఐటీ టీమ్‌ను అడగాలి. కీ లేకపోతే డేటాను మైక్రోసాఫ్ట్ కూడా తెరిచి ఇవ్వలేదు. అందుకే ల్యాప్‌టాప్ బాగున్నప్పుడే దాన్ని కాగితంపై రాసి పెట్టుకోవడం మేలు.

రీసెట్ చేయాల్సి వస్తే..

ఏదీ పనిచేయకపోతే రీసెట్ దిస్ పీసీ చివరి మార్గం. అందులో కీప్ మై ఫైల్స్ ఎంచుకుంటే యాప్స్ పోతాయి, సొంత ఫైళ్లు ఉంటాయి. రిమూవ్ ఎవ్రీథింగ్ నొక్కితే అన్నీ పోతాయి.

ఇలాంటప్పుడు ప్రయోగాలు వద్దు!

బ్యాటరీ ఉబ్బినా, కాలిన వాసన వచ్చినా, లోపలికి నీళ్లు వెళ్లినా మళ్లీ ఆన్ చేయకూడదు, ఛార్జింగ్ పెట్టకూడదు. పాత హార్డ్ డిస్క్ నుంచి టక్ టక్ శబ్దం వస్తే వెంటనే ఆఫ్ చేయాలి. ఆన్ చేసిన ప్రతిసారీ డేటా దక్కే అవకాశం తగ్గుతుంది. షాపులో ఇచ్చేటప్పుడు "డేటా కావాలి, అడగకుండా ఫార్మాట్ చేయొద్దు" అని ముందే చెప్పి, అదే మాట రసీదుపై రాయించుకోవాలి.