పిడికెడు బియ్యం లెక్క

(మన చరిత్ర మనమే రాసుకుందాం – 9వ భాగం)



"బియ్యం కోసం మతం మారినోళ్ళు." ఈ మాట మనలో విననివాళ్ళు లేరు. క్లాసులో, హాస్టల్లో, ఆఫీసులో నవ్వుతూ అనేస్తారు. 'రైస్ క్రిస్టియన్' అని దానికో ఇంగ్లీషు పేరు కూడా ఉంది. ఈ భాగంలో ఆ బియ్యం లెక్కే తీద్దాం. ఎవరు తీసుకున్నారో వాళ్ళు చెప్పారు. ఎవరు ఇచ్చారో మనం చెప్పుకుందాం.

ముందు నా సబ్జెక్టు నుంచి ఒక మాట. మన తెలుగు పాఠాల్లో దాతలెవరు? శిబి, కర్ణుడు, బలి. పోతన భాగవతం అష్టమ స్కంధంలో ఇచ్చేవాడు చక్రవర్తి, చెయ్యి చాచినవాడు బ్రాహ్మణ వటువు. శాసనాలు చూడండి. రాజు ఇస్తాడు, అగ్రహారం పుడుతుంది. ఈ కథలో మాలమాదిగలకు దాత వేషం లేదు. శూద్రుడికి శక్తి ఉన్నా ధనం కూడబెట్టకూడదని మనుస్మృతి చెప్పింది. చండాలుడికి పగిలిన కుండలో కూడు, శవం మీది బట్ట రాసిపెట్టింది. కూడబెట్టే హక్కు లేనివాడు ఏం ఇస్తాడు?

ఊళ్ళో జరిగిందీ అదే. మాదిగలు కపిల బానకు తోలు కుట్టారు, చెప్పులు కుట్టారు, చచ్చిన గొడ్డును మోశారు. దానికి కూలిగా కళ్ళంలో కొలిచిన మేరను కూడా 'పెట్టాం' అన్నారు. మన కష్టం వాళ్ళ ధర్మం అయిపోయింది.

ఇప్పుడు కరువు సంగతి. 1876–78 నాటి కరువు మద్రాసు ప్రెసిడెన్సీని పీల్చి పిప్పి చేసింది. పామిడి, గుత్తి అప్పుడు బళ్ళారి జిల్లాలో ఉండేవి. అనంతపురం విడి జిల్లా అయింది 1882లో. బళ్ళారి ఆ కరువుకు బాగా బలైన జిల్లాల్లో ఒకటి. కరువు పనుల్లో రిచర్డ్ టెంపుల్ అనే అధికారి కూలిని రోజుకు ఒక పౌను ధాన్యం, కొద్దిపాటి డబ్బులకు కోసేశాడు. పౌను అంటే అరకిలో కూడా కాదు.

'బియ్యం కోసం' అనేవాళ్ళు చూపించేది ఈ కరువునే. అయితే ఒంగోలులో ఏం జరిగిందో చూడండి. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో ఒక ముక్క కాంట్రాక్టు తీసుకుని కరువు జనానికి పని ఇచ్చాడు. సాయం అందుతున్నంత కాలం, దాదాపు 15 నెలలు, బాప్తిస్మాలు ఆపేశాడు. తిండి కోసం వచ్చారనే మాట రాకూడదని. సాయం ఆగిపోయింది, ఇక ఏమీ లేదని కబురు పంపాడు. అయినా జనం వచ్చారు. 1878 జులై 3న గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగలు. బియ్యం అయిపోయాక వచ్చినవాళ్ళను బియ్యం కోసం వచ్చారనడం ఏ లెక్క?

అసలు లెక్క డోర్నకల్‌లో ఉంది. వేదనాయకం శామ్యూల్ అజరయ్య తిరునెల్వేలి నాడార్ బిడ్డ. 1903లో తమిళ క్రైస్తవులు తమ సొంత డబ్బుతో పెట్టుకున్న మిషనరీ సంఘానికి ఆయనే ముఖ్యుడు. ఆ సంఘం పని మీదే నిజాం రాజ్యంలోని డోర్నకల్‌కు వచ్చాడు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యాడు. మన రాయలసీమలోని నంద్యాల కూడా తర్వాత ఆ డయాసిస్‌లోనే ఉండేది. అక్కడి విశ్వాసుల్లో అత్యధికులు మాలమాదిగ కూలీలు. వాళ్ళకు అజరయ్య పట్టుబట్టి నేర్పింది ఇవ్వడం. క్రైస్తవ దానం మీద పుస్తకమే రాశాడు.

పద్ధతి చాలా సులువు. ఎసట్లో బియ్యం పోసే ముందు ఆ ఇంటి తల్లి ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తుంది. ఆదివారం ఆ బియ్యం గుడికి వస్తుంది. కోతకాలం పండుగకు ధాన్యం, కోళ్ళు, మేకలు, గుమ్మడికాయలు వస్తాయి. ఊరి ఉపదేశకుడికి, బడి పంతులుకు అందే జీతంలో ఈ బియ్యం కూడా కలిసేది. మిజోరంలో కూడా 1910 నుంచి ఇలాంటి పద్ధతే నడుస్తోంది. మిగిలిందాంట్లోంచి కాదు, తినేదాంట్లోంచి తీసి ఇవ్వడం. సువార్తలో రెండు కాసులు వేసిన విధవరాలి కథ ఇదే. కానుకపెట్టెలో అందరికంటే ఎక్కువ వేసింది ఆమేనని యేసు అన్నాడు. బలి చక్రవర్తి కథ విన్న దేశంలో ఒక కూలితల్లి దాత కావడం చిన్న విషయం కాదు.

ఈ తల్లులు అలా పిడికిలి తీస్తున్న 1936లోనే జాన్ మాట్ అనే క్రైస్తవ నాయకుడితో గాంధీ ఏమన్నాడో గుర్తుచేసుకోండి. ఆవుకు సువార్త చెబుతారా అని అడిగాడు. అంటరానివాళ్ళలో కొందరికి ఆవుకున్న తెలివి కూడా లేదన్నాడు. తన గుడి ఖర్చు, తన బిడ్డల బడి ఖర్చు పిడికిలితో కొలిచి మోస్తున్న మనిషికి తెలివి లేదట!

ఇక మన నేల. బళ్ళారికి 1810లోనే వచ్చిన లండన్ మిషనరీ సొసైటీ తర్వాత గుత్తిలో, అనంతపురంలో పనిచేసింది. పెన్న ఒడ్డున పామిడి బట్టల ఊరు. కానీ చుట్టూ వాన నమ్ముకున్న మెట్ట. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చేదాకా మన వాడల్లో వరన్నం పండుగ కూడే. మిగతా రోజులు సంగటి. అలాంటి చోట కానుక అంటే జొన్నలు, కొర్రలు, తర్వాత శనక్కాయలు. కానుకగా వచ్చిన కోడిని, గుడ్లను గుడి ముందు వేలం వేయడం ఇప్పటికీ ఉంది. ఇచ్చినామె పేరు ఏ రికార్డులోనూ ఉండదు.

1969లో విన్సెంట్ ఫెర్రర్ అనంతపురంలో ఆర్డీటీ మొదలుపెట్టాడు. స్పెయిన్ దాతల గురించి మనకు బాగా తెలుసు, కృతజ్ఞత కూడా ఉంది. అదే ఆర్డీటీ మన పల్లె ఇళ్ళలో హుండీలు పెట్టించిన సంగతి ఎంతమంది రాశారు? మన కూలీల చిల్లర మనకంటే దిక్కులేనివాళ్ళకు పోయింది. ఆ దాతలకు ఫోటోలు లేవు.

మరి ఈ దానాన్ని ఇవాళ ఎవరు అనుభవిస్తున్నారు? ఈ ప్రశ్న తప్పించుకుంటే మనం చరిత్ర రాసినట్టు కాదు. దశమభాగం ఇవ్వకపోతే శాపమని భయపెట్టే పాస్టర్లున్నారు. భయపడి ఇచ్చేది కానుక కాదు, వెట్టి. మిషన్ స్థలాలు చేతులు మారుతున్నాయి, పిడికిలి తీసిన ఇంటికి మాత్రం లెక్క చెప్పేవాళ్ళు లేరు. కొరింథీయులకు రాసిన రెండో పత్రిక ఎనిమిదో అధ్యాయం తీయండి. కడు పేదలైన మాసిదోనియ సంఘాలు ఇచ్చిన తీరును మెచ్చుకున్న పౌలే, ఆ చందాను మోసేటప్పుడు తన మీద నింద రాకూడదని తోడు మనుషులను పెట్టుకున్నాడు. ఇవ్వడం ఎంత విశ్వాసమో లెక్క చెప్పడం అంత విశ్వాసం.

కాబట్టి విద్యార్థి మిత్రులకు ఒక పని. ఈ సెలవుల్లో మీ అవ్వ దగ్గర కూర్చోండి. వాళ్ళ కాలంలో గుడికి ఏం ఇచ్చారు, ఏ గింజలు, ఎవరు కొలిచారు, ఆ డబ్బుతో ఏం కట్టారు అని అడిగి రాసుకోండి. అవ్వ పేరు, ఊరి పేరు, తేదీ వేయండి. 'బియ్యం కోసం' అని ఎవరైనా అన్నప్పుడు ఆ కాగితం ముందు పెట్టండి. గుడి కమిటీలో లెక్క అడగాల్సి వచ్చినప్పుడు కూడా ఆ కాగితమే చూపించండి.

వచ్చే భాగంలో: ఆ పిడికెడు బియ్యంతో నడిచిన వాడబడులు, అందులో చదివిన మొదటి తరం ఆడపిల్లలు.

జై భీమ్.